టాంపాలో పాత బోటు కొంటున్నా, మోటారుకు ఉప్పు దెబ్బ తగిలిందో లేదో ఎలా తెలుస్తుంది?

హాలియా తమ్ముడు:

అన్నలకు, అక్కలకు నమస్తే. అమెరికాలో ఫ్లోరిడాలోని టాంపాకు వచ్చి ఎనిమిది నెలలైంది. చిన్నప్పుడు మా బాపుతో సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయిన రోజు నుంచి సొంత బోటు మీద తిరగాలని కోరిక. ఇప్పుడు ఒక 17 అడుగుల బోటు అమ్మకానికి కనిపించింది. 90 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ మోటారు (బోటు వెనక బయట బిగించేది), 2013 మోడల్. ఫోటోల్లో కొత్తదానిలా మెరుస్తోంది. శనివారం పొద్దున చూడటానికి పోతున్నా. ఇంటి దగ్గర బోరు మోటార్లు విప్పి బిగించిన అలవాటు ఉంది గానీ, సముద్రంలో తిరిగిన మోటారును ఎప్పుడూ ముట్టలేదు. స్టార్ట్ చేసి చూస్తే చాలా?

దేవరకొండ అన్న:

చాలదు తమ్ముడూ. నేను అట్లా చూసే మోసపోయాను. ఏడేళ్ల కింద కొన్న నా మొదటి మోటారు తాళం తిప్పగానే స్టార్టయింది, చప్పుడు కూడా మెత్తగా ఉంది. నాలుగో నెలలో టాంపా బే (ఊరి పక్కన లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రం) మధ్యలో వేడెక్కి అలారం మోగింది. బోటులో నా భార్య, ఆరేళ్ల పాప ఉన్నారు. అటుగా పోతున్న ఒకాయన తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చాడు. తర్వాత మెకానిక్ థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్లు వదిలే వాల్వు) మూత విప్పబోతే రెండు బోల్టులు లోపలే విరిగాయి. మూత కింద, మోటారును చల్లబరిచే సముద్రపు నీళ్లు పోయే దారి ఉప్పుతో సగం పూడిపోయింది, అల్యూమినియం చెదలు తిన్న కట్టెలా గుల్లబారింది. బయట మాత్రం నిగనిగలాడే రంగు. ఫోటోలో మెరుస్తోంది అన్నావు చూడు, నాకు మొదటి అనుమానం అక్కడే.

మన పక్క చౌడు నేలలో కట్టిన గోడలు చూసే ఉంటావు. ఎన్నిసార్లు సున్నం కొట్టినా పొక్కులు లేస్తాయి, గోకితే తెల్లపొడి రాలుతుంది. ఈ మోటారు ఒంటి కథ కూడా అంతే. తుప్పు అనగానే మనం ఎర్రగా ఉంటుందనుకుంటాం. దీని ఒళ్లు చాలావరకు అల్యూమినియం, దాని తుప్పు తెల్లగా ఉంటుంది. నల్గొండ బోరు నీళ్లకు గీజర్ కాయిల్ మీద పట్టే తెల్ల పెంకుతో పోల్చుకోకు. ఆ పెంకు నీళ్లలోంచి వచ్చింది. ఇక్కడ పొక్కు కింద రాలే పొడి మాత్రం కరిగిపోయిన లోహమే, మళ్లీ రాదు.

ముందుగా అమ్మేవాళ్లకు ఫోన్ చేసి, నేను వచ్చేదాకా మోటారు స్టార్ట్ చేయవద్దని మర్యాదగా చెప్పు. పోగానే పైమూత మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి ఇబ్బంది పడుతోందేమో అడగాలి.

తర్వాత కిందికి వంగి ఆనోడ్లు చూడు. నీళ్లలో మునిగే భాగం మీద, బ్రాకెట్ కింద బిగించిన బూడిదరంగు ముక్కలవి. ఉప్పునీళ్లలో స్టీలు, అల్యూమినియం పక్కపక్కన ఉంటే అది ఒక బ్యాటరీలా పనిచేసి తొందరగా కరిగే లోహాన్ని తింటుంది. ఆ తినేదేదో మోటారును వదిలి తనను తినమని పెట్టిన ముక్క ఆనోడ్. అందుకే అది అరిగి ఉండటం మంచి గుర్తే, పని చేసిందన్నట్టు. సగం అరిగేసరికి మార్చాలి. పూర్తిగా కరిగి బోల్టు మాత్రమే మిగిలితే, ఆ తర్వాత ఉప్పు తిన్నది మోటారునే. పాత మోటారుకు ఆనోడ్ అసలు అరగకపోయినా సంతోషించకు. కొత్తగా మార్చి ఉండాలి, లేదా లోహానికి సరిగ్గా ఆనక ఊరికే వేలాడుతూ ఉండాలి. దాని మీద కూడా రంగు కొట్టి ఉంటే ఇక చెప్పక్కర్లేదు, రంగు వేసిన ఆనోడ్ పని చేయదు. కొట్టినవాళ్లకు మోటారు గురించి తెలియదు, లేదా నీకు తెలియదనుకున్నారు.

పైమూత తీయించు. స్టీలు బోల్టుల చుట్టూ, థర్మోస్టాట్ మూత అంచున, ఎగ్జాస్ట్ కవర్ అతుకుల వెంబడి తెల్ల చారలు ఉన్నాయేమో ఫోన్ లైటుతో చూడు. చార ఉందంటే అక్కడ ఉప్పునీరు కారి ఆరింది. వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము ఉంటే రేపు కరెంటు తంటాలు తప్పవు. లోపలంతా పలుచని నూనెపొర, దాని మీద కొంచెం దుమ్ము కనిపిస్తే నాకు ఆ ఓనరు మీద గౌరవం కలుగుతుంది. తుప్పు పట్టకుండా ఏటేటా స్ప్రే కొట్టుకున్న చెయ్యి అది. లోపల కూడా కొత్త రంగే ఉంటే మాత్రం వెనక్కి వచ్చెయ్.

మోటారును పైకీ కిందికీ లేపించు. లేపే రాడ్ల మీద గుంతలు పడి ఉంటే అవి సీళ్లను కోసేస్తాయి. స్టీరింగ్ ఒక చివర నుంచి ఇంకో చివరకు నీ చేత్తోనే తిప్పు, బిగుసుకోకూడదు.

ఇంక గేర్ ఆయిల్, అంటే మోటారు కింది భాగంలో గేర్లకు పోసే నూనె. దీన్ని వదిలిపెట్టకు. రెండు మూడు రోజులు కదలని మోటారైతే నీళ్లు అడుగుకు దిగి ఉంటాయి. కింది స్క్రూ కొద్దిగా వదులు చేస్తే ముందు నీళ్లే వస్తాయి. ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉందంటే సీలు పోయి లోపలికి నీళ్లు పోతున్నాయి. స్క్రూ అయస్కాంతానికి మెత్తటి నల్ల నూగు అంటితే భయం లేదు, లోహపు పెంకులు వస్తే గేర్లు అరిగిపోతున్నాయి.

చివరికి స్టార్ట్ చేయించు. ఒడ్డు మీదైతే హోస్ పైపు తగిలించాకే. నీళ్లు లేకుండా తిప్పితే లోపల నీళ్లు తోడే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, క్షణాల్లో మాడిపోతుంది. వెనక చిన్న రంధ్రంలోంచి నీటిధార ఆగకుండా రావాలి. సన్నగా, తెగుతూ వస్తే ఇంపెల్లర్ అరిగింది, లేదా ఉప్పు పూడింది.

ఇవన్నీ బాగున్నాక మెరైన్ మెకానిక్‌ను పిలిచి కంప్రెషన్ (సిలిండర్లలో గాలి ఒత్తిడి) చూపించు. సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపల ఉండాలి. ఎగ్జాస్ట్ దారి లోపల ఎలా ఉందో మనకు కనిపించదు, వాళ్లు సన్నని కెమెరా పంపి చూస్తారు. ఫీజు ఎక్కువ అనిపిస్తుంది గానీ ఇట్లాంటి కొత్త మోటారు పది వేల డాలర్లు దాటుతుంది. ఈ ఖర్చుకు వెనకాడకు తమ్ముడూ. అది చెడిపోయేది ఇంటి ముందర కాదు, నీళ్ల మధ్యలో.

కొల్లాపూర్ అక్క:

అన్న మోటారు సంగతి బాగా చెప్పిండు. కాగితాల సంగతి నేను చెప్తా. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను, రెండు వారాలకే మిల్టన్ తుఫాను వచ్చాయి. ఆ నీళ్లలో మునిగిన బోట్లు కడిగి, తుడిచి అమ్మకానికి పెట్టేవాళ్లు ఉంటారు. మునిగిందా అని సూటిగా అడుగు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ అయిందా అని కూడా అడుగు. బోటు వెనక కుడివైపు చెక్కిన 12 అక్షరాల నంబరు, టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఉన్నది ఒకటేనా చూడు. మోటారు సీరియల్ నంబరు ప్లేటు గీకి ఉంటే ముట్టవద్దు. ఇంకో మాట, నువ్వు 1988 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉంటే ఫ్లోరిడాలో 10 హార్స్‌పవర్, అంతకు పైన మోటారు నడపడానికి బోటింగ్ సేఫ్టీ కోర్సు చేసి కార్డు తీసుకోవాలి.

మా సోమశిల దగ్గర కృష్ణలో పుట్టి వేసేవాళ్లకు కూడా గాలి ఎప్పుడు లేస్తుందో తెలుసు. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ లేకుండా పోకు నాయనా.

హాలియా తమ్ముడు:

అన్నా, అక్కా, చూసి వచ్చాను. పోయేసరికి మూత వెచ్చగానే ఉంది. ఆనోడ్ మీద నల్లరంగు కొట్టారు. గేర్ ఆయిల్ స్క్రూ విప్పుతానంటే అమ్మే ఆయన ఒప్పుకోలేదు, నడిపి చూసుకోమన్నాడు. నమస్తే చెప్పి వచ్చేశాను. ఇప్పుడు లేక్‌ల్యాండ్ దగ్గర ఇంకొకటి ఉంది, మంచినీళ్ల చెరువులోనే తిరిగిందంటున్నారు. దానికీ ఇవన్నీ చూడాలా?

దేవరకొండ అన్న:

మంచి పని చేశావు. నిజంగా మంచినీళ్లదే అయితే నీ అదృష్టం. కానీ మాట నమ్మి ఊరుకోకు, ఆనోడ్ ఏ లోహందో అడుగు. మంచినీళ్లలో జింక్ మీద పొర కట్టి పని చేయడం మానేస్తుంది, అక్కడ మెగ్నీషియం వాడతారు. చెరువు బోటు అని చెప్పి జింక్ ఆనోడ్ బిగించి ఉంటే, ఇంతకుముందు ఎక్కడ తిరిగిందని ఇంకోసారి అడగాలి. కింది భాగం మీద నత్తగుల్లల్లాంటి గుండ్రటి మచ్చలు కనిపిస్తే అది సముద్రం చూసిన మోటారే.

కొన్నాక బేలోకి దింపేటట్టయితే ముందు ఆనోడ్లు మార్చుకో, మెగ్నీషియం ఉప్పునీళ్లలో చాలా తొందరగా కరిగిపోతుంది. తిరిగి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో పది పదిహేను నిమిషాలు ఫ్లష్ చేసి, మోటారు నిటారుగా దించి ఉంచు, లోపలి నీళ్లు కారిపోవాలి. ఆదివారం పొద్దున నాకు వీలుంది. నీకు అభ్యంతరం లేకపోతే లేక్‌ల్యాండ్‌కు నేనూ వస్తాను, స్క్రూడ్రైవరు, కొత్త వాషర్లు నేను తెస్తా.