చదివిందే మళ్ళీ చదవడమా, పుస్తకం మూసి రాసి చూసుకోవడమా?

మూడో_సెమిస్టర్:
మా స్టడీ గ్రూప్‌లో దీని మీద పెద్ద వాదనే నడుస్తోంది. నోట్స్‌లో ముఖ్యమైనవి హైలైటర్‌తో గీసుకుని మళ్ళీ మళ్ళీ చదివితే చాలని సగం మంది అంటారు. ఒకసారి చదివి, పుస్తకం మూసేసి, గుర్తున్నంత రాయాలని మిగతావాళ్ళు అంటారు. నేను రాద్దామని కూర్చుంటే సగం పేజీ కూడా నిండదు, టెన్షన్ మొదలవుతుంది. నోట్స్ చదువుతుంటే మాత్రం అంతా వచ్చేసినట్టే ఉంటుంది. సెమిస్టర్ పరీక్షలకు ఏది పనికొస్తుంది?

తెల్లకాగితం:
'వచ్చేసినట్టే ఉంటుంది' అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. అలవాటైన పేజీ చదవడానికి హాయిగా ఉంటుంది, ఆ హాయిని చూసి మనం వచ్చేసిందనుకుంటాం. పరీక్ష హాల్లో ఆ పేజీ మన ముందు ఉండదు కదా. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగాలను 2006లో ప్రచురించారు. ఒక చిన్న వ్యాసాన్ని కొందరు పదే పదే చదివారు. కొందరు మొదట చదివి, ఆ తర్వాత చూడకుండా రాస్తూ పోయారు. వారం తర్వాత అడిగితే చదివినవాళ్ళకు 40 శాతం, రాసినవాళ్ళకు 61 శాతం గుర్తుంది.

పాత_పద్ధతి:
అదే ప్రయోగంలో ఇంకో సగం ఉంది, అది మీరు చెప్పలేదు. ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో పదే పదే చదివినవాళ్ళే ముందున్నారు. పైగా అది తేలికగా అర్థమయ్యే వ్యాసం. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో కొత్త చాప్టర్‌ని ఒకసారి చూసి మూసేస్తే రాయడానికి ఏముంటుంది? అర్థమయ్యేదాకా చదవడం తప్ప వేరే దారి లేదు.

తెల్లకాగితం:
ఐదు నిమిషాల సంగతి నిజమే. చదవగానే సరిచూసుకుంటే చదవడమే గెలుస్తుంది, అందుకే దాన్ని అంతగా నమ్ముతాం. కానీ సెమిస్టర్ పరీక్ష ఐదు నిమిషాల్లో రాదు.

అర్థం చేసుకోవడం విషయంలో మాత్రం మీతో ఏకీభవించను. థర్మోడైనమిక్స్‌లో వచ్చే కార్నో ఇంజిన్ (వేడిని పనిగా మార్చే ఆదర్శ ఇంజిన్) ఎఫిషియెన్సీ డెరివేషన్ తీసుకోండి. నోట్స్‌లో చదువుతుంటే నాలుగు దశలూ చకచకా సాగిపోతాయి. తెల్లకాగితం మీద రాయబోతే రెండు ఐసోథర్మల్ (ఉష్ణోగ్రత మారని) దశల్లోని వేడినీ రాసేస్తాం, లాగరిథమ్‌లు రెండూ వస్తాయి. అవి ఎలా క్యాన్సిల్ అవుతాయో తెలియక అక్కడ పెన్ను ఆగిపోతుంది. అడియబాటిక్ (వేడి లోపలికి రాని, బయటికి పోని) దశల వల్లే రెండు వాల్యూమ్ నిష్పత్తులూ సమానమవుతాయన్న ఒక్క లైనును ఇన్నాళ్ళూ చూస్తూనే దాటేశామని అప్పుడు తెలుస్తుంది. పెన్ను ఆగిన చోట గుర్తు పెట్టుకుని, పుస్తకం తెరిచి, ఆ ముక్క అర్థం చేసుకుని, మూసి, మళ్ళీ మొదటి నుంచి రాయాలి. మూడో_సెమిస్టర్ గారూ, ఆ నిండని సగం పేజీ చూసి భయపడకండి. ఇంకా ఏం చదవాలో దాన్ని బట్టే తెలుస్తుంది.

క్లాసు_చెప్తుంటాను:
ఎప్పుడు రాయాలన్నది ఇద్దరూ వదిలేశారు. నా విద్యార్థుల్లో శ్రద్ధగా రాసేవాళ్ళు కూడా అంతా పరీక్ష ముందు రాత్రికి పెట్టుకుంటారు, చూస్తే బాధేస్తుంది. మొదటిసారి చదివాక ఎన్నాళ్ళకు మళ్ళీ పట్టుకోవాలో సెపెడా బృందం 2008లో పరిశీలించింది. వారంలో పరీక్ష ఉంటే ఒక రోజు ఎడం, 35 రోజుల్లో ఉంటే 11 రోజుల ఎడం బాగా పనిచేశాయి. అంటే కొంచెం మరిచిపోనిచ్చి తిరిగి తెచ్చుకోవాలి. 2013లో డన్లాస్కీ బృందం పది పద్ధతులను బేరీజు వేసి, తమను తాము పరీక్షించుకోవడం, ఎడం ఇచ్చి చదవడం అన్న రెండింటినే మేలైనవిగా తేల్చింది. హైలైటర్, మళ్ళీ చదవడం అడుగున ఉన్నాయి.

పాత_పద్ధతి:
ఎడం ఇవ్వడం బాగుంది, దానికి నేనూ సిద్ధమే. కానీ ఒక్కో సెమిస్టర్‌కి ఐదారు సబ్జెక్టులు. అన్నీ రాస్తూ కూర్చుంటే సిలబస్ ఎప్పటికి పూర్తవుతుంది?

తెల్లకాగితం:
అన్నీ రాయక్కర్లేదు. డెఫినిషన్లు నడుస్తూ నోటితో చెప్పుకోవచ్చు, లేదా ఒక చీటీకి ఒక పక్క ప్రశ్న, రెండో పక్క జవాబు రాసుకోవచ్చు. చెప్పగలిగిన చీటీలను కొన్నాళ్ళు పక్కన పెట్టి, తడబడినవాటినే రోజూ చూడండి. డెరివేషన్లు, ప్రాబ్లమ్స్ మాత్రం చేత్తో చేయాల్సిందే. సాల్వ్ చేసి ఉన్న ప్రాబ్లమ్‌ని చదివి తలూపితే అది చదివినట్టు కాదు.

మూడో_సెమిస్టర్:
అయితే మా గ్రూప్‌లో ఒకటి అడిగి చూస్తాను. వారానికోసారి అంతకుముందు వారం టాపిక్స్ మీద ప్రశ్నలు తయారుచేసి, పుస్తకాలు మూసి ఒకరినొకరు అడుగుదామని. హైలైటర్ బ్యాచ్ కూడా దీనికి కాదనకపోవచ్చు.

పాత_పద్ధతి:
వారం తర్వాత అడగడం నాకూ సమ్మతమే. కొత్త చాప్టర్‌ని మొదటిసారి పట్టుకున్నప్పుడు మాత్రం తొందరపడి మూయకండి, ఆ ఒక్క విషయంలో నేను నా మాట మీదే ఉంటాను.