తాగి గుద్ది చంపిన కేసులో సెక్షన్ 106 పెట్టారు, 105కి మార్చాలంటే ఏం చూపాలి?

రమేష్: విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర సర్వీస్ రోడ్డులో, రాత్రి పూట తాగి రాంగ్ రూట్‌లో కారు తోలి స్కూటర్‌ని గుద్దారు. మనిషి పోయాడు. పోలీసులు బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 106(1), అంటే నిర్లక్ష్యంతో చావుకు కారణమవడం, పెట్టి, "చంపాలన్న ఉద్దేశం లేదు కదా" అంటున్నారు. చనిపోయినాయన ఇంటివాళ్ళ తరఫున అడుగుతున్నానండీ.

సుధారాణి: ఉద్దేశం దాకా పోనక్కర్లేదు రమేష్ గారూ. 105 (హత్య కిందకి రాని నరహత్య) రెండో భాగానికి, ప్రాణం పోయే అవకాశం ఉందని తెలిసీ ఆ పని చేస్తే చాలు. శిక్ష పదేళ్ళ దాకా, సెషన్స్ విచారణ, నాన్ బెయిలబుల్. 106(1)కి ఐదేళ్ళ దాకా, బెయిల్ ఇవ్వాల్సిందే. 2012లో అలిస్టర్ పరేరా కేసులో సుప్రీంకోర్టు, తాగి నడిపి ఏడుగురి చావుకు కారణమైన వ్యక్తికి పాత ఐపీసీ 304 రెండో భాగమే (ఇప్పటి 105 లాంటిది) ఖాయం చేసింది.

కానీ తాగాడన్న ఒక్క మాట మీద 105 నిలవదు. గుద్దకముందు అరగంటలో ఏం జరిగిందో తవ్వించండి. బండి తీయొద్దని తాళం లాక్కోబోయిన స్నేహితుడు ఉన్నాడా? ముందే డివైడర్‌కి రాసుకుని కూడా ఆగలేదా? ఆ స్నేహితుడి మాట పోలీసుల దగ్గరే ఆగిపోతే కోర్టులో అడ్డం తిరుగుతాడు. బీఎన్‌ఎస్‌ఎస్ (దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే చట్టం) 183 కింద మేజిస్ట్రేట్ ముందు చెప్పించమనండి.

రక్త పరీక్ష కాగితంలో గుద్దిన టైము, రక్తం తీసిన టైము రెండూ ఉన్నాయా చూడండి. ఆలస్యమయ్యే కొద్దీ మోతాదు దిగిపోతుంది. చేతిని స్పిరిట్ దూదితో తుడిచి రక్తం తీశారా అన్నది కూడా డిఫెన్స్ వదలదు, స్పిరిట్‌లోనూ ఆల్కహాల్ ఉంటుంది కదా.

రాజు: సీసీటీవీ సంగతి ఇవాళే చూడండి అన్నా. షాపుల డీవీఆర్ (కెమెరా దృశ్యాలు దాచే పెట్టె) కొన్ని రోజులకే పాతది చెరిపేసి కొత్తది ఎక్కించుకుంటుంది. ఏ షాపు, ఏ కెమెరా అన్నది రాసి స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జత చేసే సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63 సర్టిఫికెట్‌లో ఏ, బీ రెండు భాగాలూ, హ్యాష్ విలువా (ఫైలు మారలేదని చూపే కోడ్) ఉండాలి. డీవీఆర్ గడియారం తేడాగా ఉంటే ఎన్ని నిమిషాల తేడానో పంచనామాలో రాయించాలి. లేకపోతే ఆ కారు అప్పుడు అక్కడ లేదని వాదిస్తారు.

రమేష్: ఆపకుండా పారిపోయాడు కదా, అది చాలదా?

సుధారాణి: భయంతోనూ పారిపోతారు, గుద్దకముందే తెలుసనడానికి అది రుజువు కాదు. మనిషి కింద ఇరుక్కున్నాడని తెలిసీ ఈడ్చుకుపోతే మాత్రం లెక్క వేరు, దాన్ని విడిగా రాయించండి. ఇవన్నీ పెట్టి, సెక్షన్ మార్పు మెమో కోర్టులో వేయమని ఐవోని (దర్యాప్తు అధికారిని) రాతపూర్వకంగా అడగండి. ఛార్జిషీటు అప్పటికే వేసేసి ఉంటే బీఎన్‌ఎస్‌ఎస్ 193(9) కింద తదుపరి దర్యాప్తు కోరవచ్చు. అభియోగాన్ని అదే చట్టం 239 కింద తీర్పు చెప్పేలోపు ఎప్పుడైనా కోర్టు మార్చగలదు.