ఒక్క పెద్ద కోస్టర్‌కే డబ్బుంటే: రికార్డు ఎత్తు కావాలా, ఎక్కువమంది ఎక్కగలిగేది కావాలా?

ముందుసీటు:

థీమ్ పార్కులు భారీ రోలర్ కోస్టర్ కడుతున్నామని ప్రకటించిన ప్రతిసారీ పోస్టర్ మీద రెండే అంకెలు మెరుస్తుంటాయి. ఎత్తు ఎన్ని అడుగులు, వేగం ఎన్ని కిలోమీటర్లు. గంటకు ఎంతమంది ఎక్కగలరు, ఏడాదిలో ఎన్ని రోజులు నడుస్తుంది అన్న ఊసే ఉండదు. ఒక పార్కుకు చాలా ఏళ్లకోసారి ఒక్క పెద్ద రైడ్‌కే డబ్బు కుదురుతుంది అనుకుందాం. ఆ డబ్బు ఎత్తు రికార్డు మీద పెట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. టికెట్ కొని లోపలికి వచ్చినవాళ్లలో వీలైనంత ఎక్కువమంది ఎక్కి దిగగలిగే రైడ్ మీద పెట్టాలి.

ఒక లెక్క చూడండి. ట్రైన్‌లో 24 సీట్లు. నిమిషానికో ట్రైన్ కదిలితే గంటకు 1,440 మంది ఎక్కుతారు. 100 సెకన్లకో ట్రైన్ కదిలితే 864 మందే. పార్కు పది గంటలు తెరిచి ఉంటే తేడా 5,760 మంది. ఆ నలభై సెకన్లు ఎలా పోతాయో స్టేషన్‌లో నిలబడి చూస్తే తెలుస్తుంది. ఒకాయన కళ్లజోడు ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూస్తుంటాడు. ఇంకొకరికి బెల్టు క్లిప్ పడదు. చివరి వరస దాకా వెళ్లిన ఆపరేటర్ మళ్లీ ముందుకొచ్చి, ఒళ్లో అడ్డంగా పడే ల్యాప్ బార్ తెరిచి, మూసి, లాగి చూస్తాడు. ఈలోగా ఒక చుట్టు పూర్తిచేసుకొచ్చిన వెనక ట్రైన్ స్టేషన్ బయట బ్రేకుల మీద ఆగిపోయి ఉంటుంది. అందులో ఉన్నవాళ్ల సంగతి సరే, కింద క్యూలో ఉన్నవాళ్ల రోజంతా అక్కడే అయిపోతుంది.

దీనికి ఒప్పుకోనివాళ్లు కారణాలతో చెప్పండి. నిజంగానే వినాలనుంది.

గాలిపటం:

నేను ఒప్పుకోనండి. గంటకు 1,440 మంది ఎక్కొచ్చు అన్న పోస్టర్ చూసి ఎవరూ అంత దూరం ప్రయాణం చేసి రారు. మనిషిని ఇంట్లోంచి కదిలించేది ఆ ఎత్తే.

అమెరికాలోని సీడార్ పాయింట్ పార్కునే తీసుకోండి. 1989లో మ్యాగ్నమ్ ఎక్స్ఎల్-200 కట్టారు, 205 అడుగులు. పూర్తి చుట్టు తిరిగే కోస్టర్లలో 200 అడుగులు దాటిన మొదటిది అదే. 2000లో మిలీనియం ఫోర్స్ కట్టారు, 310 అడుగులు. 300 దాటిన మొదటిది అది. ఆ రెండు మెట్లతోనే ఆ పార్కు పేరు కోస్టర్ అభిమానులందరి నోటా పడింది. రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి. రికార్డు కోసం కట్టినంత మాత్రాన నాలుగు రోజుల ముచ్చటే అవుతుందని ఎలా అంటారు?

ఇంకో మాట. పార్కింగ్‌లో కారు దిగకముందే ఆ పట్టాల శిఖరం కనిపించినప్పుడు కడుపులో మొదలయ్యే టెన్షన్ ఉంది చూడండి, రైడ్ అక్కడే మొదలైనట్టు. ఎక్కినవాళ్లకే కాదు, ఎక్కే ధైర్యం లేక కింద నిలబడి చూసేవాళ్లకు కూడా ఆ రోజు గుర్తుండిపోతుంది. సామర్థ్యం లెక్కలు ఆ పని చేయలేవు.

లెక్కల మాస్టారు:

ఎత్తు గురించి ఒక సంగతి చాలామంది పట్టించుకోరు. ఎత్తు రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాదు. గాలి, రాపిడి పక్కన పెడితే 60 మీటర్ల నుంచి దిగే ట్రైన్ వేగం గంటకు సుమారు 123 కిలోమీటర్లు. 120 మీటర్ల నుంచి దిగితే 175. అంటే ఎత్తు రెండింతలైనా వేగం పెరిగేది నూటికి నలభై వంతు మాత్రమే.

ఖర్చు మాత్రం అలా తగ్గి రాదు. శరీరం మీద అదే ఒత్తిడి ఉండాలంటే వంపు వ్యాసార్థం వేగం వర్గంతో పాటు పెరగాలి. వేగం వర్గం ఎత్తుతో పాటు పెరుగుతుంది. కాబట్టి ఎత్తు రెండింతలైతే ప్రతి వంపూ, ప్రతి గుట్టా రెండింతలు పెద్దవి కావాలి. దానికి తగ్గ స్థలం, ఉక్కు, పునాదులు కావాలి. ఇంత చేసినా ట్రైన్‌లో సీట్లు అవే. అందుకే బాగా ఎత్తైన కోస్టర్లలో కొన్ని ఒక్కసారి పైకి, ఒక్కసారి కిందికి వెళ్లి ముగిసిపోతాయి. మిగతాది కట్టడానికి స్థలమూ ఉండదు, డబ్బూ ఉండదు.

దీనికి అటువైపు ఉదాహరణ జర్మనీలోని ఫాంటాసియాలాండ్. అక్కడ చుట్టూ ఇళ్లుండటంతో ఎత్తుకు పరిమితి ఉంది. 2016లో వాళ్లు తెరిచిన టారోన్ ఎత్తు దాదాపు 30 మీటర్లే. 30 మీటర్ల నుంచి ఊరికే దిగితే వచ్చే వేగం 87 కిలోమీటర్లు. టారోన్ 117 దాకా వెళుతుంది. ఆ తేడా ఇచ్చేది అయస్కాంత లాంచ్, అంటే అయస్కాంత శక్తితో ట్రైన్‌ను ముందుకు విసిరే ఏర్పాటు. అదీ ఒకటి కాదు, దారిలో రెండు చోట్ల. రాళ్ల మధ్య నుంచి, తన పట్టాల మీదుగా, కింద నుంచి మెలికలు తిరుగుతూ పోతుంది. ప్రపంచంలో మంచి కోస్టర్లు ఏవని అభిమానుల్ని అడిగితే ఆ పేరు తప్పకుండా వస్తుంది.

ముందుసీటు:

గాలిపటం గారూ, మీరు చెప్పిన రెండూ మంచి ఉదాహరణలే. కానీ అవి ఎందుకు బతికాయో చూడండి. మ్యాగ్నమ్‌ను గొలుసు పైకి లాగుతుంది, మిలీనియం ఫోర్స్‌ను కేబుల్ లాగుతుంది. నెమ్మదిగా పైకి తీసుకెళ్లి వదిలేస్తే, కింద ఉన్న పొడవైన ట్రాక్ అంతా బరువే నడిపిస్తుంది. వాటిని నిలబెట్టింది రికార్డు కాదు, ఆ పొడవైన దారి, ఆ సులువైన యంత్రం. మిలీనియం ఫోర్స్ రికార్డు అదే ఏడాది జపాన్‌లోని స్టీల్ డ్రాగన్ 2000 తీసేసుకుంది. అయినా జనం ఎక్కడం మానలేదు కదా!

అదే పార్కు 2003లో ఇంకో మెట్టు ఎక్కబోయింది. టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్, 420 అడుగులు. హైడ్రాలిక్ ఒత్తిడితో కేబుల్ లాగి ట్రైన్‌ను విసిరేసే పద్ధతి. 2021 ఆగస్టులో ట్రైన్ నుంచి ఒక లోహపు ముక్క ఊడి క్యూలో నిలబడ్డ ఒక మహిళకు తగలడంతో ఆమె తీవ్రంగా గాయపడింది. రైడ్ మూతపడింది. మొత్తం మార్చి, అయస్కాంత లాంచ్ పెట్టి, 2024 మేలో టాప్ థ్రిల్ 2 పేరుతో తెరిచారు. కొద్ది రోజులకే మళ్లీ ఆపేశారు. సరిచేసి 2025లో గానీ మళ్లీ తెరవలేదు.

కింగ్డా కా కథ ఇంకా బాధ కలిగిస్తుంది. అమెరికాలోనే సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ అనే ఇంకో పార్కులో 2005లో వచ్చింది. 456 అడుగులు, మూడున్నర సెకన్లలో 206 కిలోమీటర్ల వేగం. అంత ఎత్తు ఎక్కి దిగడం అర నిమిషంలోపే అయిపోయేది. లాంచ్‌లో కాస్త బలం తగ్గినా ట్రైన్ శిఖరం దాటలేక వెనక్కి జారి వచ్చేది. అలా వస్తే ఆపడానికి లాంచ్ ట్రాక్ మీద లేచే బ్రేకులు పెట్టారు, అది డిజైన్‌లో భాగమే. కానీ అంత సున్నితమైన యంత్రాన్ని రోజూ నడపడం మాటలు కాదు. 2024లో మూసేశారు, 2025 ఫిబ్రవరిలో పేలుడు పదార్థాలతో కూల్చేశారు. అప్పటికి ప్రపంచంలోనే ఎత్తైన కోస్టర్ ఇరవై ఏళ్లు కూడా నిలవలేదు. అదే పార్కులో అంతకన్నా పొట్టివి, పాతవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

గాలిపటం:

అది హైడ్రాలిక్ లాంచ్ తప్పు, ఎత్తు తప్పు కాదు. ఆ రెండింటినీ కలిపేస్తున్నారు. ఆ ఇబ్బందుల వల్లే చాలామంది అయస్కాంత లాంచ్‌కు మారారు. ఇప్పుడు సౌదీలోని ఫాల్కన్స్ ఫ్లైట్ అదే పద్ధతితో 250 కిలోమీటర్ల వేగం అందుకుంటోంది, దారి నాలుగు కిలోమీటర్ల పైనే. మాస్టారు చెప్పిన టారోన్‌కు ఉన్నదీ అయస్కాంత లాంచే. ఎవరో ఒకరు ముందు సాహసం చేస్తేనే మిగతావాళ్లకు దారి పడుతుంది. 1959లో డిస్నీల్యాండ్ మ్యాటర్‌హార్న్ కోస్టర్ కోసం గొట్టపు ఉక్కు పట్టాలు వాడినప్పుడు అదీ కొత్తే. ఆ కొత్త లేకపోతే ఇవాళ తలకిందులయ్యే కోస్టర్లు ఇన్ని ఉండేవి కావు.

ఇద్దరు పిల్లల అమ్మ:

మీరంతా ఎక్కేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. ఎక్కనివ్వని వాళ్ల గురించి కూడా ఒక్క మాట. కింగ్డా కా ఎక్కాలంటే కనీసం 137 సెంటీమీటర్లు ఉండాల్సి వచ్చేది. అబుధాబిలోని ఫార్ములా రోస్సా కోస్టర్‌కు 140. మా చిన్నదాన్ని కొలతబద్ద దగ్గర నిలబెట్టినప్పుడు అది మడమలెత్తి, మెడ సాగదీసి, ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. ఆపరేటర్ తల మీద చెయ్యి పెట్టి, లేదమ్మా అంటాడు. ఆ నియమం ప్రాణాల కోసం పెట్టింది, దాన్ని సడలించమని నేను ఎప్పటికీ అడగను. కానీ ఉన్న డబ్బంతా ఒకే రైడ్ మీద పెట్టి, ఆ రైడ్ దగ్గర సగం కుటుంబాన్ని గేటు బయట నిలబెడితే ఆ పార్కు ఎవరి కోసం?

పిల్లలు ఎక్కగలిగేది అంటే చప్పగా ఉంటుందని కూడా అనకండి. ఓర్లాండోలోని యూనివర్సల్ పార్కులో 2019లో హ్యాగ్రిడ్ మోటార్‌బైక్ కోస్టర్ తెరిచారు. 122 సెంటీమీటర్లుంటే చాలు. వేగం గంటకు 80 కిలోమీటర్లే. మొదటి రోజు క్యూ పది గంటలకు చేరింది. ఏ ఎత్తు రికార్డూ లేకుండానే జనం అంత ఎగబడ్డారు.

గాలిపటం:

పది గంటల క్యూ అంటే ముందుసీటు గారి వాదనకే ఎదురు కదా అమ్మా. జనం నచ్చిన రైడ్ కోసం ఎంతసేపైనా నిలబడతారని అదే చెబుతోంది.

ఇద్దరు పిల్లల అమ్మ:

నిలబడ్డారు, నిజమే. పిల్లల్ని వెంటబెట్టుకుని పది గంటలు నిలబడటాన్ని నేనైతే విజయం అనలేను.

నట్టుబోల్టు:

నేను రైడ్‌ల మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను. పోస్టర్ మీద లేని విషయం ఒకటి చెబుతాను. పార్కు గేట్లు తెరవడానికి గంటల ముందే మా పని మొదలవుతుంది. కోస్టర్ బండికి చక్రాలు మూడు రకాలు. పట్టాల మీద నడిచేవి, పక్క నుంచి పట్టుకునేవి, కింద నుంచి ట్రైన్ పైకి లేవకుండా ఆపేవి. చక్రాల పైపొర పాలియురెథేన్ అనే రబ్బరులాంటి ప్లాస్టిక్. వేగం, వేడి ఎక్కువైనకొద్దీ ఆ పొర తొందరగా అరుగుతుంది, ఒక్కోసారి పొక్కుతుంది. చేత్తో తడిమితే తెలిసిపోతుంది. తర్వాత ట్రాక్ వెంట నడిచి బోల్టులు, అతుకులు చూడాలి. ఆపైన ఖాళీ ట్రైన్లు తిప్పాలి. ఎత్తు పెరిగితే ఈ పనంతా పెరుగుతుంది. దానికి తోడు గాలి. కింద ఆకు కదలకపోయినా శిఖరం దగ్గర గాలి కొలత పరిమితి దాటితే రైడ్ ఆపాల్సిందే.

అయితే ముందుసీటు గారి వాదనలో ఒకటి నాకు భయం కలిగిస్తోంది. గంటకు ఇంతమంది అని పైనుంచి ఒత్తిడి పెట్టడం. 2015 జూన్‌లో బ్రిటన్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కులో స్మైలర్ అనే కోస్టర్ ప్రమాదం గుర్తు చేసుకోండి. జనం పెరిగారని అయిదో ట్రైన్ జతచేశారు. గాలి ఎక్కువగా ఉంది. ఖాళీగా వదిలిన ట్రైన్ ఒకటి దారి మధ్యలో నిలిచిపోయింది. ముందు ట్రాక్ ఖాళీ లేదని నియంత్రణ వ్యవస్థ వెనక ట్రైన్‌ను ఆపింది. సరిగ్గానే ఆపింది. ట్రాక్ మీద ఎన్ని ట్రైన్లున్నాయో సరిగా తెలియని ఇంజనీర్లు అది వ్యవస్థ లోపమనుకుని, దాన్ని దాటించి ట్రైన్ వదిలారు. 16 మంది ఉన్న ట్రైన్ వెళ్లి ఖాళీ ట్రైన్‌ను ఢీకొట్టింది. ఇద్దరు యువతులు కాలు పోగొట్టుకున్నారు. కోర్టు యాజమాన్యానికి 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఎత్తు రికార్డు కోసం జరిగిన ప్రమాదం కాదిది. రైడ్ ఆగి ఉన్నప్పుడు ఏం చేయాలో పక్కా పద్ధతి లేకపోవడం వల్ల జరిగింది.

ముందుసీటు:

నట్టుబోల్టు గారూ, ఈ విషయం ఎత్తినందుకు చాలా సంతోషం. ఆపరేటర్‌ను తొందరపెట్టి సంఖ్య పెంచమని నేను అడగడం లేదు. రైడ్ గీసేటప్పుడే ఆ సంఖ్య అందులో ఉండాలి. దిగేచోటు, ఎక్కేచోటు వేరువేరుగా పెట్టడం, సంచులకు ట్రైన్ ఎక్కకముందే లాకర్లు పెట్టడం, ఒకేసారి రెండు ట్రైన్లు నింపే స్టేషన్ కట్టడం. అప్పుడు బెల్టు చూసే మనిషికి నలభై సెకన్లు కాదు, నిమిషం పట్టినా క్యూ కదులుతూనే ఉంటుంది. ఎత్తు కోసం ఆఖరి వంద అడుగుల ఉక్కుకు పెట్టే డబ్బు ఇక్కడ పెట్టమంటున్నాను.

లెక్కల మాస్టారు:

ఆల్టన్ టవర్స్ పేరు వచ్చింది కాబట్టి అక్కడిదే ఇంకొకటి. 1994లో నెమెసిస్ కట్టేటప్పుడు చెట్ల కన్నా ఎత్తు కట్టకూడదన్న నియమం అడ్డొచ్చింది. పైకి వెళ్లలేక నేలను తవ్వి, రాతి గోతిలో కోస్టర్ పెట్టారు. కాళ్లు వేలాడుతూ రాళ్లకు తగులుతాయేమో అన్నంత దగ్గరగా పోతుంది. దాదాపు ముప్పై ఏళ్లు నడిచాక మూసేసి, కొత్త ట్రాక్ వేసి 2024లో మళ్లీ తెరిచారు. పడగొట్టి స్థలం వేరే దానికి ఇవ్వాలని అనుకోలేదు, అదే దారిని మళ్లీ వేసుకున్నారు.

గాలిపటం:

నెమెసిస్ విషయంలో నేనూ మీ వైపే. అయినా ఒక్క పెద్ద రైడ్‌కే డబ్బున్న పార్కు, చుట్టూ కావలసినంత ఖాళీ స్థలం ఉన్న పార్కు అయితే పైకే వెళ్లాలంటాను. గొలుసుతో లాగండి, కేబుల్‌తో లాగండి, కానీ దూరం నుంచి కనిపించాలి. ముందుసీటు గారు చెప్పిన స్టేషన్ కూడా దానికే కట్టండి. రెండూ కలిసి ఉండకూడదని ఎక్కడా లేదు.

నట్టుబోల్టు:

కలిసి ఉండొచ్చు. ఏ పార్కు నిజంగా ఆ ఉద్దేశంతో ఉందో తెలుసుకోవడానికి ప్రకటనలో ఎత్తు వదిలేసి రెండు విషయాలు వెతకండి. ఎన్ని ట్రైన్లు ఆర్డర్ ఇచ్చారు, ట్రాక్‌ను ఎన్ని బ్లాకులుగా విడగొట్టారు. ఒక బ్లాకులో ఒక్క ట్రైనే ఉండాలి, ముందు బ్లాకు ఖాళీ అయితేనే వెనకది కదలాలి. అందుకే నడిచే ట్రైన్ల కన్నా బ్లాకులు కనీసం ఒకటి ఎక్కువుండాలి. ఒక ట్రైన్‌ను షెడ్డులోకి తీసుకుని విడదీసి చూస్తున్నప్పుడు మిగతావి నడిచేలా పక్క ట్రాక్ ఉందా అన్నది కూడా చూడండి. అది లేని పార్కులో ఒక్క ట్రైన్ రిపేరుకు వస్తే రైడ్ మొత్తం ఆగుతుంది, దాన్ని ఎంత ఎత్తు కట్టినా సరే.