రివెట్ల కింద దాగిన పగులును రేకు విప్పకుండా పట్టేదెలా?

ప్రశ్న (అమలాపురం, డిప్లొమా విద్యార్థి):
పెద్దలకు నమస్కారం. మా తాతగారు కొబ్బరికాయను వేలితో తట్టి, చెవి దగ్గర ఆడించి, లోపల నీళ్లు ఇంకిపోయాయో లేదో చెప్పేస్తారు. విమానం తొడుగులో రెండు అల్యూమినియం రేకులు ఒకదానిపై ఒకటి ఎక్కి రివెట్లతో బిగిసిన చోట, కింది రేకులో పుట్టిన పగులును రివెట్లు ఊడదీయకుండా ఎలా కనిపెడతారు? చెవికి వినబడని ధ్వనిని లోహంలోకి పంపి చూసే అల్ట్రాసోనిక్ పరీక్ష చాలదా?

జవాబు (రాజోలు, విమాన తనిఖీ పనిలో రిటైరైనవారు):
బాబూ, తాతగారి పద్ధతి మా దగ్గరా ఉంది. తేనెపట్టు గళ్ల ప్యానెళ్లను చిన్న సుత్తితో తట్టి, మోత మొద్దుబారిన చోట జిగురు విడిందని గుర్తిస్తాము. రివెట్ల వరసలోని పగులుకు అది పనికిరాదు. అల్ట్రాసోనిక్ ధ్వని కూడా రేకుల నడుమ సన్నని గాలి పొర ఉన్నా అక్కడినుంచే వెనుదిరుగుతుంది.

అక్కడ వాడవలసింది ఎడ్డీ కరెంట్. రేకు మీద ఆనించే ప్రోబ్‌లోని తీగచుట్ట వల్ల లోహంలో సుడులు తిరిగే విద్యుత్తు, పగులు అడ్డొస్తే దారి మళ్లుతుంది, తెరమీద చుక్క కదులుతుంది. రంగు గీకనక్కరలేదు. తీగచుట్టలోని విద్యుత్తు పౌనఃపున్యాన్ని నాలుగో వంతుకు తగ్గిస్తే సుడులు రెట్టింపు లోతుకు దిగుతాయి గానీ, చిన్న పగుళ్లు తప్పిపోతాయి. అందుకే అదే మందం రేకులతో చేసి, కింది రేకులో కొలిచి కోసిన గాటు ఉన్న నమూనా మీద పరికరాన్ని ముందుగా సరిచూసుకోవాలి.

జవాబు (కాకినాడ, వెల్డింగ్ తనిఖీదారు):
పైపులకు మేము వాడే డై పెనెట్రెంట్, అంటే పగుళ్లలోకి ఇంకే రంగు ద్రవం, పైకి నోరు తెరిచిన పగుళ్లనే చూపుతుంది కాబట్టి, ఇక్కడ దాని ప్రసక్తే లేదు.

ప్రశ్నించిన విద్యార్థి:
ధన్యవాదాలండీ. మరి 1988లో హవాయి విమానం పైకప్పు ఊడిపోయే నాటికి ఈ పరీక్షలు లేవా?

జవాబు (రాజోలు):
ఉన్నాయి. ఆ ఏప్రిల్ 28న పైకప్పు ఊడిన అలోహా విమాన సంస్థ వారి బోయింగ్ 737 అప్పటికి 89,680 సార్లు ఎగిరి దిగింది. ఎగిరిన ప్రతిసారీ తొడుగు ఉబ్బుతుంది, దిగాక సడలుతుంది. మన అంతర్వేదిలో కిటికీ ఊచలను తినేసే ఉప్పుగాలి లాంటిదే అక్కడా ఉంటుంది. అతుకుల్లో రివెట్లతోపాటు రేకులను పట్టి ఉంచే జిగురు విడిపోయి, భారమంతా రివెట్ల మీద పడింది. పగుళ్లు పై రేకులోనే ఉన్నా తనిఖీల్లో తప్పిపోయాయి. విమానం ఎక్కుతూ ఒక ప్రయాణికురాలు పగులును చూసి కూడా ఎవరికీ చెప్పలేదు.

వందల రివెట్లు చూశాక కన్ను అలవాటు పడి, చుక్క కదిలినా కదలనట్టే తోస్తుంది. అందుకే నేను కొన్ని రివెట్లకొకసారి ఆగి, ప్రోబ్‌ను మళ్లీ నమూనా గాటు మీద పెట్టి, చుక్క ఎంత కదలాలో చూసుకొని ముందుకు సాగేవాణ్ని. గుర్తులకు మాత్రం మామూలు పెన్సిల్ వాడవద్దు, అందులోని గ్రాఫైట్ అల్యూమినియాన్ని తినేస్తుంది.