పేరు తెలిసిన ఫైల్‌కి ఫైండా, లొకేటా?

టెర్మినల్ తాత:
ఉబుంటూ లైనక్స్ నేర్చుకునే ప్రతివాడికీ, ఫైల్ వెతకాలంటే ముందు ఫైండ్ కమాండే చెప్తున్నారు, ఎందుకో అర్థం కాదు. స్లాష్ నుంచి, అంటే అన్నిటికంటే పై ఫోల్డర్ నుంచి మొదలుపెడితే ప్రతి ఫోల్డరూ తెరుచుకుంటూ పోతుంది, మధ్యలో ‘పర్మిషన్ డినైడ్’ వరుసలు తెరనిండా. లొకేట్ కమాండ్ అయితే ముందే రాసిపెట్టుకున్న ఫైళ్ల జాబితాలో చూస్తుంది, ఎంటర్ కొట్టగానే జవాబు. లొకేట్‌లో ఇప్పటి రకం ప్లొకేట్ అయితే మూడేసి అక్షరాల ముక్కలకు ఇండెక్స్ కట్టుకుంటుంది, పాత ఎమ్‌లొకేట్ లాగా జాబితా అంతా చదవదు. పేరు తెలిస్తే లొకేటే.

రాత్రి షిఫ్ట్:
తాతగారూ, ఆ జాబితా ఎప్పటిది? దాన్ని తాజా చేసే అప్‌డేట్‌డీబీ మామూలుగా రోజుకోసారే నడుస్తుంది. ఇందాక డౌన్‌లోడ్ చేసింది అందులో ఉండదు, ఇందాక డిలీట్ చేసింది మాత్రం ఉన్నట్టే చూపిస్తుంది. సర్వర్‌లో డిస్క్ నిండి టెన్షన్‌లో ఉన్నప్పుడు నాకు కావాల్సింది గంటలోపు మారిన పెద్ద లాగ్ ఫైళ్లు. లొకేట్‌కి సైజుతో, టైముతో వెతకడం రాదు. ఫైండ్‌కి మైనస్ ఎమ్‌మిన్ మైనస్ 60, మైనస్ సైజ్ ప్లస్ 100ఎం ఇస్తే అయిపోతుంది.

టెర్మినల్ తాత:
నేను పేరు తెలిసిన ఫైల్ అన్నాను నాయనా, నువ్వు డిస్క్ నిండిన కథ చెప్తున్నావు. డిలీట్ అయినవి రాకూడదంటే లొకేట్‌కి మైనస్ ఈ ఉంది. కొత్తవి కావాలంటే సుడో (అడ్మిన్ హక్కు) పెట్టి అప్‌డేట్‌డీబీ నడుపు.

రాత్రి షిఫ్ట్:
సుడో ఇవ్వని మెషీన్లో? అదీ పక్కన పెడదాం. దాని సెట్టింగ్స్ ఫైల్ అప్‌డేట్‌డీబీ డాట్ కాన్ఫ్ తెరిచి, జాబితాలోకి ఎక్కించని ఫోల్డర్లు రాసే ప్రూన్‌పాత్స్ వరుస చూడండి, స్లాష్ మీడియా ఉంటుంది. ఉబుంటూలో పెన్‌డ్రైవ్ మౌంట్ అయ్యేది అక్కడే. ఆ సెట్టింగ్ మార్చకుండా ఎన్నిసార్లు అప్‌డేట్ చేసినా అందులో ఫైల్ దొరకదు.

కొత్త కోడర్:
ఇద్దరూ ఎఫ్‌డీ అనే వెతికే టూల్ చూడలేదా? రస్ట్ భాషలో రాశారు, చాలా థ్రెడ్‌లతో ఒకేసారి వెతుకుతుంది, జాబితా గొడవే లేదు.

రాత్రి షిఫ్ట్:
బాగానే ఉంటుంది తమ్ముడూ, కానీ చుక్కతో మొదలయ్యే ఫైళ్లనీ, గిట్ఇగ్నోర్ ఫైల్‌లో (గిట్ పట్టించుకోవద్దని రాసిన జాబితా) ఉన్నవాటినీ చెప్పకుండా వదిలేస్తుంది. డాట్ ఎన్వ్ అనే సెట్టింగ్స్ ఫైల్ కోసం వెతికితే లేదంటుంది. మైనస్ హెచ్, మైనస్ ఐ రెండూ పెద్దక్షరాల్లో ఇవ్వాలి. ఉబుంటూలో అయితే కమాండ్ పేరే ఎఫ్‌డీఫైండ్.

షెల్ అక్క:
అసలు స్లాష్ నుంచి ఎవరు వెతకమన్నారు? కాన్ఫిగ్ అయితే ఈటీసీలో, లాగ్ అయితే వార్ లాగ్‌లో మొదలుపెడితే ఫైండ్ కూడా క్షణంలో తేల్చేస్తుంది. వేల ఫైళ్లుండే నోడ్ మాడ్యూల్స్ లాంటి ఫోల్డర్లని ప్రూన్ చేయండి, అంటే వెతక్కుండా వదిలేయమనండి. స్టార్ ఉన్న పేరుని కోట్స్‌లో పెట్టండి, లేకపోతే ఫైండ్‌కి చేరేలోపే షెల్ దాన్ని విప్పేస్తుంది.

టెర్మినల్ తాత:
ఏ ఫోల్డరో తెలిస్తే అందులో ఏమున్నాయో చూపించే ఎల్‌ఎస్ కొట్టుకుంటాను కదమ్మా. యూఎస్ఆరో, ఆప్టో, ఎవరి హోమ్‌లో పడి ఉందో తెలియకే లొకేట్ అంటున్నా.