వేడెక్కిన డీజిల్ ఇంజన్‌లోనూ ఆయిల్ ప్రెషర్ ముల్లు చివరనే ఉంటే: ఆరోగ్యమా, రోగమా?

తెల్లబండి_జయనగర్

నమస్కారం. నా దగ్గర 1996 నాటి మెర్సిడెస్ ఈ250 డీజిల్ ఉంది. 1995లో పుణెలో బిగించడం మొదలుపెట్టిన డబ్ల్యూ124 తరం కారు అది. దాని ఆయిల్ ప్రెషర్ మీటరు మీద 0 నుంచి 3 బార్ల వరకే గీతలుంటాయి. చల్లని ఉదయం స్టార్ట్ చేసినప్పుడు ముల్లు 3 దగ్గర ఆనుకోవడం ఎన్నాళ్ళుగానో చూస్తున్నదే. అయితే గత నెల అనంతపురం నుంచి తిరిగి వస్తూ హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో పావుగంట ఐడ్లింగులో నిలబడినప్పుడు కూడా అది వెంట్రుకవాసి దిగలేదు. ఇదివరకు అంత వేడిలో ఒకటిన్నరకు దిగేది. ఇక్కడి మెకానిక్ ఒకాయన ఛాంబరు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించి ఆయిల్ పంపు మార్చాలంటున్నారు. మా బావగారేమో ఒత్తిడి ఎక్కువగా ఉండటం ఇంజన్ గట్టిగా ఉందనడానికి గుర్తని కొట్టిపారేస్తున్నారు. ఆయిల్ 15డబ్ల్యూ-40, పోసి నాలుగు వేల కిలోమీటర్లయింది. ఎవరి మాట వినాలి?

ఇందిరానగర్_240డి

మీ బావగారి మాటే వినండి. నా పాత మెర్సిడెస్ 240డి కూడా దారిలో నడుస్తున్నంతసేపూ 3 మీదనే ఉంటుంది. వేడి ఐడ్లింగులో ఒత్తిడి 0.3 బార్ దాకా దిగినా, యాక్సిలరేటరు తొక్కగానే లేస్తే చాలన్నది ఈ ఇంజన్లకు తయారీదారు పెట్టిన కొలత. అంటే వారు భయపడింది తక్కువకే కానీ ఎక్కువకు కాదు. బేరింగులు అరిగితే సందులు పెరిగి ఒత్తిడి పడిపోతుంది. పడిపోలేదంటే అరగలేదనే కదా అర్థం. పంపు మార్చమన్నవారికి దండం పెట్టి వచ్చేయండి.

జీపు_పెద్దాయన

ఆ తర్కం సగం వరకే నిజమని నా అనుభవం. నా ఎంఎం540 జీపుకు ఇంజన్ పని చేయించినప్పుడు, ఒత్తిడి తక్కువగా చూపిస్తోందని షెడ్డువారు రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకునే కవాటం) స్ప్రింగు వెనక ఒక వాషరు దూర్చి ఇచ్చారు. మీటరు చూసి నేనూ మురిసిపోయాను. ఒక చలి ఉదయం, చిక్కగా ఉన్న ఆయిల్ మీద ఇంజన్‌ను రేస్ చేయగానే ఫిల్టరు సీలు చీలి, ఉన్న ఆయిలంతా వాకిట్లో కారిపోయింది. బేరింగులకు జరగాల్సిన మేలు మాత్రం ఏమీ జరగలేదు. వాల్వ్ మూసుకుపోయి ఇరుక్కున్నా ఇదే గతి పడుతుంది. ఇదివరకు ఒకటిన్నరకు దిగిన ముల్లు ఇప్పుడు దిగడం లేదంటే ఏదో మారిందనే కదా? మార్పును శుభమని ఎలా అంటారు?

మార్తహళ్ళి_ఇంజనీరు

పెద్దాయన అడిగిన ఆఖరి ప్రశ్నే ఇక్కడ అసలు విషయమని నా అభిప్రాయం. ముల్లు ఎంత పైకి వెళ్ళిందన్నదాని కంటే, అది వేడికీ వేగానికీ తగినట్టు కదులుతోందా లేదా అన్నది చూడాలి.

పళ్ళచక్రాల పంపు ప్రతి చుట్టుకూ ఇంత ఆయిల్ అని తోస్తుంది. ఆ ఆయిల్ బేరింగుల సందుల్లోంచి బయటపడేటప్పుడు ఎదురయ్యే అడ్డంకే మనకు ఒత్తిడిగా కనిపిస్తుంది. కాబట్టి మీటరు చెప్పేది అడ్డంకి గురించే తప్ప, ఎంత ఆయిల్ పారుతోందో అది చెప్పదు. చల్లగా ఉన్న ఆయిల్ చిక్కగా ఉంటుంది కనుక ఒత్తిడి ఎక్కువ. హద్దు దాటిన ఆయిల్‌ను రిలీఫ్ వాల్వ్ వెనక్కి వదిలేస్తుంది. మన మీటరు 3 దగ్గర ఆగినంత మాత్రాన ఒత్తిడి కూడా అక్కడే ఆగినట్టు కాదు, ఆపైన గీతలు లేవంతే. ఆ ముల్లు 3 మీద ఉన్నప్పుడు లోపల ఉన్నది మూడో, నాలుగున్నరో డ్రైవరు సీట్లో కూర్చుని చెప్పలేము.

వేడెక్కి ఆయిల్ పలచబడి, పంపు నెమ్మదించిన ఐడ్లింగులో ఒత్తిడి దిగక తప్పదు. దిగలేదంటే నాకు తోచే కారణాలు మూడు. మొదటిది ఆయిల్. డీజిల్ మసి చేరేకొద్దీ ఆయిల్ చిక్కబడుతుంది కానీ, నాలుగు వేల కిలోమీటర్లకే ఇంత తేడా రాదు. ఇక పెద్దాయన చెప్పిన వాల్వ్ సంగతి. అది ఇరుక్కుంటే చల్లని ఇంజన్‌లో, ఎక్కువ వేగంలో ఒత్తిడి హద్దు దాటుతుంది తప్ప, వాల్వ్ ఎలాగూ తెరుచుకోని వేడి ఐడ్లింగులో ఒత్తిడిని పెంచలేదు. అందుకే ఆ అనుమానాన్ని ఈ కారు మీద నేను మోపను. ఇక మిగిలింది సెండర్, అంటే ఇంజన్ దగ్గర ఒత్తిడిని కొలిచి మీటరుకు కబురు పంపే భాగం. 240డి గారి కారులో సన్నని గొట్టం గుండా ఆయిలే మీటరు దాకా వస్తుంది కనుక అబద్ధానికి తావు తక్కువ. డబ్ల్యూ124లో వచ్చేది కరెంటు. ఇలాంటి సెండర్‌లో కరెంటుకు ఎదురయ్యే అడ్డంకి సున్నా దగ్గర సుమారు 10 ఓములు, పై కొసన సుమారు 180 ఉంటాయి; ఒత్తిడితో పాటు ఓములు పెరుగుతాయి. వైరు తెగితే మీటరు దాన్ని అంతులేని ఒత్తిడి అనుకుని ముల్లును చివరకు తోసేస్తుంది. కొన్ని ఇతర తయారీలలో ఇది తలకిందులుగా ఉంటుంది, కాబట్టి జీపులవారు దీన్నే సూత్రమనుకోవద్దు.

ఛాంబరు దించే ముందు, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి ముల్లు సున్నా మీద ఉందేమో చూడండి.

తెల్లబండి_జయనగర్

చూశానండీ. సున్నా మీదనే ఉంది. స్టార్ట్ చేయగానే 3కి వెళ్ళి అక్కడే ఉండిపోతోంది.

ఇందిరానగర్_240డి

అయితే సెండర్ బాగున్నట్టే. ఒత్తిడి నిజంగానే ఉంది. ఇక దీనిమీద ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

మార్తహళ్ళి_ఇంజనీరు

అంత తొందరగా తేల్చలేము. ఆ పరీక్ష నేనే చెప్పాను కానీ, అందులో ఒక లొసుగుంది. సెండర్ లోపల సన్నని పట్టీ మీద ఒక మీట జరుగుతుంది. పట్టీ మధ్యలో అరిగిపోతే సున్నా దగ్గర సరిగ్గానే చెప్పి, కాస్త ఒత్తిడి రాగానే తెగిన వైరులా ప్రవర్తిస్తుంది. సెండర్ విప్పి, ఆ రంధ్రంలో 10 బార్ల దాకా కొలిచే మెకానికల్ గేజి బిగించి చూడటం ఒక్కటే నమ్మదగిన దారి. జేసీ రోడ్డు దుకాణాల్లో గేజి దొరుకుతుంది. తీసిన రంధ్రానికి సరిపోయే మర ఉన్న అడాప్టరు కోసమే నాలుగు దుకాణాలు తిరగాల్సి రావచ్చు.

జీపు_పెద్దాయన

కొలిచేటప్పుడు చల్లని ఇంజన్ మీద కూడా ఒకసారి చూడమని నా మనవి. వాల్వ్ సంగతి తేలేది అక్కడే.

తెల్లబండి_జయనగర్

ఆదివారం కొలిచాను. ఉదయం చల్లని ఐడ్లింగులో 4.5 బార్లు వచ్చింది, రేస్ చేసినా ఆపైకి పెద్దగా పోలేదు. దేవనహళ్ళి దాకా వెళ్ళి వచ్చాక వేడి ఐడ్లింగులో 1.1, మూడు వేల ఆర్‌పీఎం దగ్గర దాదాపు 4. విప్పిన సెండర్‌ను మల్టీమీటరుకు తగిలించి సైకిలు పంపుతో గాలి కొట్టి చూశాను: మొదట 10 ఓములు చూపించి, పంపు మీది ముల్లు అర బార్ దాటకుండానే తెగిన వైరులా అయిపోయింది. కొత్త సెండర్ బిగించాక వేడి ఐడ్లింగులో ముల్లు ఒకటి పైన నిలిచింది, దారిలో పడగానే 3కి వెళ్ళి ఆనుకుంటోంది.

ఇందిరానగర్_240డి

ఇంజన్ బాగుందని మొదటి నుంచీ చెబుతున్నది నేనే.

జీపు_పెద్దాయన

చెప్పారు, కానీ చెప్పింది చెడిపోయిన సెండర్ మాట విని. రేపు నిజంగా పంపు చచ్చి ఒత్తిడి అర బార్‌కు పడినా ఆ మీటరు 3 అనే చూపించేది, మీరూ ఆరోగ్యమనే అనేవారు. ఆ కారుకు ఒక మెకానికల్ గేజి శాశ్వతంగా బిగించుకోవడం మంచిది.

తెల్లబండి_జయనగర్

ఆలోచించాను పెద్దాయన గారూ. కానీ పాత గొట్టం చిట్లితే వేడి ఆయిల్ నా మోకాళ్ళ మీదకే వస్తుంది కదా అని వెనకాడుతున్నాను. గేజిని బానెట్ కిందే ఉంచి, ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఒకమారు బిగించి చూసుకుంటాను.