శత్రువు బాంబులు సొంత గడ్డ మీద పడుతుంటే ఆ వార్త దాచడం సబబేనా?

నిశిత:
రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ కాగితపు బెలూన్లకు బాంబులు కట్టి, పసిఫిక్ మీద వీచే ఎత్తుగాలుల్లో అమెరికా వైపు వదిలింది. 1944 నవంబర్ నుంచి 1945 ఏప్రిల్ దాకా తొమ్మిది వేలకు పైగా. వాటి గురించి రాయొద్దని 1945 జనవరిలో అమెరికా సెన్సార్‌షిప్ కార్యాలయం పత్రికలను కోరింది. అవి చాలావరకు మాట విన్నాయి. ఎన్ని చేరాయో, ఏం తగలబడిందో తెలియక జపాన్ చివరికి ఆపేసింది. నా ఉద్దేశంలో ఆ మౌనం సరైనదే. మీరేమంటారు?

పాతపుటలు:
నిశిత గారూ, శత్రువుకు తెలియకూడదన్నంత వరకు ఒప్పుకుంటాను. కానీ ఆ బెలూన్లు పడుతున్న అడవుల పక్కనే బతికేవాళ్ల మాటేమిటి? 1945 మే 5న ఒరెగాన్‌లోని బ్లై ఊరి నుంచి ఆర్చీ మిచెల్ అనే పాస్టరు, కడుపుతో ఉన్న భార్య ఎల్సీని, అయిదుగురు సండే స్కూల్ పిల్లల్ని వెంటబెట్టుకుని కొండ మీదికి వనభోజనానికి వెళ్లాడు. ఆయన ఇంకా కారు దగ్గరే ఉన్నాడు. ముందు నడిచినవాళ్లకు నేల మీద ఏదో కనిపించింది. దాని చుట్టూ మూగారు. పేలింది. ఆరుగురూ పోయారు. పిల్లలంతా పదకొండు నుంచి పద్నాలుగేళ్ల లోపువాళ్లు.

అలాంటి వస్తువులు పడుతున్నాయని సైన్యానికి నెలల ముందే తెలుసు. బెలూన్లకు బరువు కోసం కట్టిన బస్తాల్లోని ఇసుకను పరీక్షించి, అది జపాన్ తీరానిదని భూగర్భ శాస్త్రవేత్తలు తేల్చారు కూడా. అంత తెలిసీ ‘అడవిలో కొత్త వస్తువు కనిపిస్తే ముట్టుకోకండి’ అని జనానికి బాహాటంగా చెప్పలేదు. ఆ మాట చెప్పడానికి ఏ బెలూన్ ఎక్కడ పడిందో బయటపెట్టనక్కర్లేదు కదా!

నిశిత:
జనం బెంబేలెత్తితేనో? 1942 ఫిబ్రవరి 23న జపాన్ జలాంతర్గామి కాలిఫోర్నియాలోని ఎల్‌వుడ్ చమురు క్షేత్రం మీద గుండ్లు పేల్చింది. మర్నాడు రాత్రి లాస్ ఏంజిలిస్ అంతా దీపాలార్పి, రాని విమానాల మీదికి 1,400కు పైగా గుండ్లు కాల్చారు. భయం కూడా ప్రాణాలు తీస్తుంది.

పాతపుటలు:
కాల్చింది జనమా అండీ? సైన్యమే! తెల్లారాక నౌకాదళ కార్యదర్శి నాక్స్ అది ఉత్తుత్తి భయమన్నాడు, యుద్ధ కార్యదర్శి స్టిమ్సన్ విమానాలు వచ్చాయన్నాడు. ప్రభుత్వంలోనే తలో మాట అయితే జనం ఎవర్ని నమ్మాలి? అయినా బ్లై తర్వాత ఏమైందో చూడండి. మే నెలాఖరులోగా ప్రభుత్వమే బెలూన్ల సంగతి బయటపెట్టి, ముట్టుకోవద్దని హెచ్చరించింది. ఊళ్లేమీ ఖాళీ అయిపోలేదు. ఆ హెచ్చరికే జనవరిలో చేసి ఉంటే, ఆ పిల్లలు దాని దగ్గరికి వెళ్లకుండా ఎవరో ఒకరు ఆపేవారు.